ధర్మరాజు విడువని కుక్క

మహాప్రస్థానిక పర్వం చదివినప్పుడల్లా నా మనసు ఒకే చోట ఆగిపోతుంది. ద్రౌపదీ, తమ్ముళ్ళు నలుగురూ దారిలోనే పడిపోయారు. ఇంద్రుడు రథం తెచ్చి, హస్తినాపురం నుండి వెంట వచ్చిన కుక్కను వదిలి ఎక్కమంటాడు. నమ్మి వచ్చినదానిని విడిచి పొందే స్వర్గం తనకక్కరలేదంటాడు ధర్మరాజు. ఆ కుక్క యమధర్మరాజని తరువాత తెలుస్తుంది. కాదన్నప్పుడు మాత్రం అతని ఎదుట ఉన్నది ఉత్త కుక్కే. ఆ మాటకు విలువ అక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

యుద్ధాలలో కుక్కల సేవను గురించి చదివితే ఈ ఘట్టమే గుర్తుకు వస్తుంది. వియత్నాంలో అమెరికా సైన్యం దాదాపు 4,000 కుక్కలను వినియోగించింది. అవి అడవిదారుల్లో సైనికులకు ముందు నడిచి, పొంచి ఉన్న శత్రువునూ, కాలికి తగిలితే పేలేలా కట్టిన తీగలనూ పసిగట్టాయి. ఇంటికి తిరిగి వచ్చినవి సుమారు 200. కొన్ని పోరులోనో, రోగాలతోనో పోయాయి. తక్కినవాటిని దక్షిణ వియత్నాం సైన్యానికి అప్పగించారు, లేదా చంపివేశారు. సైన్యం లెక్కల్లో అవి ప్రాణులు కావు, సామగ్రి.

రెండవ ప్రపంచయుద్ధంలో సోవియట్ సైన్యం చేసినది మరీ దారుణం. కుక్కలను ఆకలితో ఉంచి, ట్యాంకుల కింద తిండి పెట్టి అలవాటు చేసి, ఒంటికి పేలుడు పదార్థాలు కట్టి జర్మన్ ట్యాంకుల మీదికి వదిలారు. ఆ కుక్క పరుగెత్తినది తిండి కోసం. దానిని త్యాగమనడానికి నాకు నోరు రాదు. త్యాగం చేసేవారికి ఏమి పోగొట్టుకుంటున్నారో తెలియాలి, కాదనే వీలూ ఉండాలి. కుక్కకు ఆ రెండూ లేవు. ఉన్నదల్లా మనిషి మీద నమ్మకం. కనుకనే ఆ ఋణం పూర్తిగా మనదే.

మనుషులకే దిక్కులేని చోట కుక్కల గొడవ ఎందుకని మీరడగవచ్చు. నిజమే. అయితే తమ కుక్కను వెంట తెచ్చుకోనివ్వలేదని దశాబ్దాలపాటు కుమిలిపోయినవారు ఆ వియత్నాంలో పోరాడిన సైనికులే. విరమించిన సైనిక కుక్కలను పెంపకానికి ఇవ్వవచ్చునని అమెరికాలో చట్టం వచ్చినది 2000లో. ఏ కుక్క పేరు మీద ఆ చట్టం వచ్చిందో ఆ రాబీకి మాత్రం అది అక్కరకు రాలేదు. కొద్ది వారాలకే, 2001 జనవరిలో, జబ్బుతో ఉన్న దానిని మందిచ్చి చంపేశారు.

మనమూ ఏమంత ముందు లేము. సేవకు పనికిరాని కుక్కలకు మరణమే విరమణగా ఉండిన పద్ధతి మన సైన్యంలోనూ 2015 వరకు సాగింది. విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళాక మారింది. 2022లో అనంతనాగ్‌లో ఉగ్రవాదుల తూటాలు తగిలి మరణించిన ‘జూమ్’కు దేశమంతా నివాళులర్పించింది. సంతోషమే. కానీ గాయపడక, పేరు రాక, ముసలిదై కుంటుతూ మిగిలిన కుక్కను ఏమి చేస్తామన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

పతకం సంగతి కుక్కకు తెలియదు. సాకిన మనిషి చేయి తల మీద పడితే తెలుస్తుంది. ధర్మరాజు అడిగినది కూడా అంతే కదా, దానిని వెంట తీసుకువెళ్ళనిమ్మని!