ముస్లిము కుటుంబములు - ఇంటిచదువు

నవంబరు 11వ తేదీని మనము 2008 మొదలుకొని ఏటేట జాతీయ విద్యాదినముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు పాఠశాలలలో మౌలానా అబుల్ కలాం ఆజాదుగారి పటమునకు పూలమాల వేయుదురు. ప్రధానోపాధ్యాయుడు ఆయన సేవలనుగుఱించి నాలుగు మాటలు చెప్పును. పిల్లలు చప్పట్లు కొట్టి తరగతులకు పోవుదురు. స్వతంత్ర భారతమునకు ప్రథమ విద్యామంత్రియై, 1947 మొదలు 1958లో కన్నుమూయువఱకు ఆ పదవిని నిర్వహించిన ఆ మహనీయుడు బాల్యమున ఏ బడిబల్లమీదను కూర్చుండి యెఱుగడను సంగతి మాత్రము ఆ నాలుగు మాటలలో వినబడుట అరుదు. ఆయన చదువంతయు కలకత్తాలో తండ్రిగారి యింటనే సాగినది.

ఈ సంగతిని మేమిప్పుడు జ్ఞాపకము చేయుటకు కారణము కలదు. ముస్లిము కుటుంబ మొకటి పిల్లలను బడికి పంపక యింట చదివించుకొనుచున్నదని వినగానే మనలో పెక్కురకు కలుగు మొదటి భావము అనుమానము. అదే పనిని బెంగుళూరులోనో పూనాలోనో ఉద్యోగస్థులగు దంపతులు చేసినచో, దానిని నూతన విద్యావిధానమని మెచ్చుకొందుము. ఆ పిల్లల ఛాయాచిత్రములు పత్రికలలో వేయుదుము. (ఈ పక్షపాతములో పత్రికలవారమైన మాకును పాలు లేకపోలేదు.) ఒకే పనికి రెండు పేర్లు పెట్టుట మాని, ఇంటిచదువు ఎప్పుడు చదువగును, ఎప్పుడు చదువు లేకపోవుటకు మఱుగుపేరగును అని విచారించుట మంచిది. ఈ ప్రశ్నను మతద్వేషముతో అడుగరాదు. మతాభిమానమునకు వెఱచి అడుగక మానను రాదు.

ఇంట చదువు చెప్పుకొనుట ముస్లిములకు నిన్న మొన్న వచ్చిన యలవాటు కాదు. బిడ్డకు నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినములు నిండగానే బిస్మిల్లా వేడుక చేసి, పలకమీద మొదటి యక్షరములను పలికించు నాచారము హైదరాబాదు కుటుంబములలో నేటికిని కలదు. మన యక్షరాభ్యాసమునకును దానికిని ఎంత పోలిక! పిమ్మట ఆడపిల్లలకు ఉస్తానీ యింటికి వచ్చి ఖురాను చదువు చెప్పెడిది. మగపిల్లలు మసీదుకడ మక్తబునకు పోయెడివారు. బ్రాహ్మణ గృహములలో తండ్రి కుమారునకు వేదము చెప్పుకొన్నట్లే, పండితులగు మౌల్వీల యిండ్లలో తండ్రియే గురువు. ఇంగ్లీషు బడులు ఊరూర వెలసినపిదప ఈ రెండు విధములును సన్నగిల్లెను గాని బొత్తిగా నశింపలేదు.

నేడు ఇంటిచదువును కోరు కుటుంబము లన్నియు ఒక్క తీరువి కావు. ఖురానును ఆమూలాగ్రముగ కంఠస్థము చేయించి బిడ్డను హాఫిజును చేయవలెనను సంకల్పముతో కొందఱు బడి మాన్పింతురు. ముప్పది భాగములు, నూటపదునాలుగు సూరాలు గల ఆ గ్రంథమును వల్లించుటకు కొన్ని సంవత్సరములు పట్టును. ప్రొద్దుట పాఠము, మధ్యాహ్నము చింతన, సాయంకాలము పాత పాఠముల పునశ్చరణ - ఇందులో బడివేళలకు చోటులేదు. కొందఱికి బడి దూరము. కొందఱు ఆడపిల్ల యీడేరినపిమ్మట వీధిలో పోకిరీల మాటలకు వెఱతురు; ఈ భయమునకు మతముతో పనిలేదు. ఇటీవల మఱియొక కారణము తోడయ్యెను. 2022 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వము విద్యార్థుల దుస్తులను గుఱించి యుత్తరువు చేసినపిదప, తలగుడ్డ ధరించిన బాలికలను కళాశాల గుమ్మముకడనే నిలిపివేసిన దృశ్యములను దేశమంతయు చూచినది. మార్చి 15వ తేదీని అక్కడి హైకోర్టు ప్రభుత్వపక్షమున తీర్పు చెప్పెను. అక్టోబరు 13వ తేదీని సుప్రీముకోర్టులో న్యాయమూర్తు లిరువురును చెఱియొక యభిప్రాయము ప్రకటించిరి. ఈ నడుమ కొందఱు బాలికలు వేఱు కళాశాలలు వెదకుకొనిరి. కొందఱు ఇల్లు చేరిరి. తలగుడ్డ మతవిధియా కాదా యను శాస్త్రచర్చకు మేము దిగము. బాలికను వాకిట నిలిపివేసి, ఆమె యింటికి పోయినపిమ్మట "వీరికి చదువుమీద శ్రద్ధ లేదు" అని నిందించుట మాత్రము న్యాయము కాదందుము.

ఆజాదుగారి బాల్యమును కొంచెము వివరముగ చూతము. తండ్రి ఖైరుద్దీనుగారు పెక్కుమంది శిష్యులు గల మతగురువు. ఇంగ్లీషు చదువుమీద ఆయనకు విశ్వాసము లేదు. కలకత్తాలోని ప్రభుత్వ మదరసామీదను సదభిప్రాయము లేదు. కావున కుమారునకు మొదట తానే పాఠము చెప్పెను. పిదప ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్కొక్క పండితుని నియమించెను. ఇతరులు ఇరువది మొదలు ఇరువదియైదేండ్ల ప్రాయమున ముగించు పాఠక్రమమును ఆ బాలుడు పదునారవయేట ముగించెను. అంతట తండ్రి పదునేనుగురు విద్యార్థులను కూర్చి, వారికి తర్కము, గణితము, తత్త్వశాస్త్రము బోధింపుమని కుమారుని కూర్చుండబెట్టెను. నేర్చినది తనదైనదో లేదో తెలియుటకు పరుల కది చెప్పవలెనను ఈ పరీక్షకన్న కఠినమైనది మన విశ్వవిద్యాలయములలో ఎన్నింట నున్నది?

కథ ఇక్కడ ముగిసినచో ఇంటిచదువును మెచ్చుకొనువారికి సంతోషమే. కాని ముగియలేదు. పిమ్మట సర్ సయ్యదు అహమ్మదుఖానుగారి వ్రాతలు ఆయన చేతబడెను. నవీన శాస్త్రములను, తత్త్వమును, సాహిత్యమును ఎఱుగనివాడు నేటి కాలమున విద్యావంతుడు కాజాలడని ఆయనకు తోచెను. తండ్రి యేర్పఱచిన పాఠములలో ఇంగ్లీషు లేదు. మౌల్వీ మొహమ్మదు యూసఫ్ జాఫ్రీగారు అక్షరములు చూపి, ప్యారీచరణ సర్కారుగారి మొదటి వాచకము నిచ్చిరి. పిమ్మట బైబిలు గ్రంథమును ఇంగ్లీషు, పారసీ, ఉర్దూ అనువాదములలో ప్రక్కప్రక్కన పెట్టుకొని, నిఘంటువు దగ్గఱ నుంచుకొని, ఆయన ఆ భాషను స్వయముగ సాధించెను. ఆ సంవత్సరములలోనే మనస్సు కలతపడి, పుట్టుకతో వచ్చిన విశ్వాసముల నన్నిటిని ప్రశ్నించుకొని, బంధములు లేనివాడను నర్థముతో "ఆజాదు" అను పేరు పెట్టుకొనెను. ఇంటిచదువు ఆయనకు పునాది వేసినమాట నిజము. ఆ యింటి గోడలో ఆయన తన చేతులతో కిటికీ తెఱచుకొన్నమాటయు నిజమే.

అట్లు తెఱచుకొనుటకు ఆయనకు మగపుట్టుక తోడ్పడెను. ఆడపిల్ల గతి యేమి? వంగదేశమున రంగపురము జిల్లా పైరాబంద గ్రామములో 1880లో జన్మించిన రొకేయాగారి చరిత్రను చూడుడు. జమీందారీ గృహము, ధనమునకు కొదవలేదు, ఇంట అరబ్బీ, ఉర్దూ చదువులకు అడ్డులేదు. కాని వంగభాషయు ఇంగ్లీషును ఆడపిల్లలకు నిషిద్ధములు. అయిదవయేటినుండి పరాయి స్త్రీల కంటను సైతము పడరాదు. తండ్రి నిద్రించినపిమ్మట అన్నగారు దీపము వెలిగించి, చెల్లెండ్రకు రహస్యముగ ఆ రెండు భాషలు నేర్పిరి. ఇదియు ఇంటిచదువే! ఒకే కప్పుక్రింద పగలొక ఇంటిచదువు, రాత్రి యొక ఇంటిచదువు. ఏ చదువు ఆమెను "సుల్తానా స్వప్నము" వ్రాయునంతటిదానిని చేసెనో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ కథ 1905లో మన మదరాసునుండి వెలువడుచుండిన "ఇండియన్ లేడీస్ మ్యాగజైన్" లోనే ప్రకటింపబడెను.

ఆమె అంతటితో నిలువలేదు. భర్త మరణించినపిదప 1909లో భాగల్పూరులో అయిదుగురు బాలికలతో బడి పెట్టెను. అక్కడ సాగనందున 1911లో కలకత్తాలో ఎనమండుగురితో మరల ప్రారంభించెను. పిల్లలను తీసికొనివచ్చు బండికి గాలి చొరకుండ మూతలు వేసిన లోపలి పిల్లలు సొమ్మసిల్లిరి. మూతలు తీసి తెరలు కట్టిన, ఆ తెరలు గాలికి కదలుచున్నవని బెదిరింపు జాబులు వచ్చెను. ఆమె ఘోషాను తిట్టి బడి మూసికొనలేదు. ఘోషా కుటుంబములకు నచ్చజెప్పి, ఒక్కొక్క గడప యెక్కి, పిల్లలను తెచ్చుకొనెను. మన హైదరాబాదులోను 1934లో సుగ్రా హుమాయూన్ మీర్జాగారు బాలికలకు సఫ్దరియా పాఠశాలను నెలకొల్పిరి. ఇంట చదివిన స్త్రీలే తమ తరువాతివారికి బడులు కట్టించిరన్న విషయము గమనింపదగినది. ఇంటిచదువు చాలునని వారికి తోచియున్నచో అంత శ్రమపడుదురా?

ఇక చట్టమును చూతము. 2002లో జరిగిన 86వ సవరణ ఆరు మొదలు పదునాలుగేండ్ల బాలబాలికలకు విద్యను ప్రాథమిక హక్కు గావించెను. అదే సవరణ, బిడ్డకు విద్యావకాశములు కల్పించుట తలిదండ్రుల విధి యనెను. గమనింపుడు, అక్కడ విద్య యని కలదుగాని బడి యని లేదు. 2009లో చేయబడి 2010 ఏప్రిలు 1 నుండి అమలుకు వచ్చిన విద్యాహక్కు చట్టము మాత్రము బిడ్డను సమీప పాఠశాలలో చేర్పించుట తల్లిదండ్రుల కర్తవ్యమని చెప్పెను. చేర్పింపనివారికి శిక్ష విధింపలేదు. 2012 సవరణచే మదరసాలకును వేదపాఠశాలలకును ఆ చట్టము వర్తింపదని తేల్చిరి. ఇంటిచదువును గుఱించి చట్టములో మంచిగాని చెడ్డగాని ఒక్క మాటయు లేదు. నిషేధింపకయు అంగీకరింపకయు ఊరకుండుటచే మేలు కలుగునని కొందఱందురు. చదువుకొన్న తల్లి, తీఱికగల తండ్రి, పుస్తకములు నిండిన బీరువా ఉన్న యింటికి అది మేలే కావచ్చును.

కాని అందఱి యిండ్లు అట్టివా? హైదరాబాదు పాతబస్తీలో ఒంటిగది కాపురములు వేనవేలు కలవు. లాడ్ బజారులో మిలమిల మెఱయు లక్కగాజులకు రాళ్లు అదుకు పని తఱచుగా అట్టి యిండ్లలోనే, ఆడువారి చేతులమీదుగ, ఒక్కొక్కప్పుడు పసిచేతులమీదుగ జరుగును. అచ్చటి పదునొకండేండ్ల పిల్లను గుఱించి యెవరైన నడిగిన "ఇంటిలోనే చదువుచున్నది" అను జవాబు వచ్చినచో, ఆ జవాబును తూచుటకు త్రాసు ఎవరియొద్దను లేదు. 2020లో మహమ్మారి వచ్చి బడులు మూతపడినప్పుడు దేశములోని ప్రతి యిల్లును బడి కావలసివచ్చెను. తెలుగునాట దూరదర్శనమున పాఠములు చెప్పించిరి. ఇంట నొక్కటే చేతిఫోను ఉన్నచోట అది ముందుగ ఎవరి చేతికి పోయినదో, అక్కకా, తమ్మునికా, ఆ సంవత్సరములను గడపిన కుటుంబములకు తెలియును. ముస్లిముల స్థితిగతులను విచారించిన సచారు సంఘము 2006లో ఇచ్చిన నివేదికలో, ఆరు మొదలు పదునాలుగేండ్ల ముస్లిము బాలబాలికలలో నూటికి 25గురు బడిముఖము చూడనివారో, చూచి మానినవారో యని చెప్పబడెను. మదరసాలలో చదువువారు నూటికి నలుగురు మాత్రమే యనియు అదే నివేదిక తెలిపెను. మదరసాలను గుఱించి ఇంత రభస చేయు మనము ఆ యిరువదియైదుగురిని గుఱించి ఎన్నడైన గొంతెత్తితిమా?

కావున ఇంట చదివించు కుటుంబమును నేరస్థునివలె చూడవలదని ప్రభుత్వమును కోరుచు, లెక్కలోనికి మాత్రము తీసికొని తీఱవలెనని చెప్పుచున్నాము. ఇంట చదువుచున్న ప్రతి బిడ్డ పేరును సమీప పాఠశాలలో ఒక పుస్తకమున వ్రాయింపవలెను. ఏటికి రెండుసారులు ఒక ఉపాధ్యాయిని - పోలీసు గాదు, తహసీలు జవాను గాదు, ఉపాధ్యాయిని - ఆ యింటికి పోయి బిడ్డతో మాటలాడి రావలెను. ఉర్దూ తెలిసిన స్త్రీ యైనచో ఘోషా గృహములలోను తలుపు తీయుదురు. ఒక్క టీ త్రాగునంతలో ఆ పిల్ల చదువుచున్నదో లేదో ఆమెకు బోధపడును.

తలిదండ్రులకును ఒక మాట. మీ బిడ్డకు ఖురాను నేర్పుట మీ హక్కు. దానిని కాదనువారితో మేమును మీ పక్షమున వాదింతుము. కాని లెక్కలు, ప్రకృతిశాస్త్రము, దేశచరిత్ర లేని యింటిచదువు ఆజాదుగారికే చాలలేదు. ఈ నాట పుట్టిన బిడ్డకు తెలుగు చదువుట వ్రాయుట రాకపోవుట మఱియొక లోపము. దూదేకుల సోదరుల యిండ్లలో తెలుగే మాతృభాష. వారికి ఈ మాట యక్కఱలేదు. ఉర్దూ గృహములలో పెరుగు పిల్ల రేపు మండల కార్యాలయమునకు పోయి తన పేరనున్న కాగితమును తానే చదువుకొనలేకపోయినచో, ఆమె తరఫున చదువువాడు చెప్పినదే వేదమగును.

బయటకు వచ్చు ద్వారము తెఱచియుండుట అన్నిటికన్న ముఖ్యము. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ 1989 నుండి పనిచేయుచున్నది. పదునాలుగేండ్లు నిండిన బిడ్డ బడికి పోకయే అందు మెట్రిక్కుతో సమానమగు పరీక్షకు కూర్చుండవచ్చును. మన రెండు రాష్ట్రములకును వేఱు సార్వత్రిక పాఠశాలలు కలవు. కాని ఊరు దాటి పరీక్ష వ్రాయ పంపుమన్న, ఇంటనుండి కదలని బాలికను ఎందఱు పంపుదురు? ముస్లిములు హెచ్చుగా నుండు పేటలలో బాలికల పాఠశాలలనే పరీక్షాస్థానములుగ నేర్పఱచుటకు ప్రభుత్వమునకు అగు ఖర్చు స్వల్పము. హాఫిజై పదుమూడవయేట తిరిగివచ్చు బాలుని మూడవ తరగతి పిల్లలతో కూర్చుండబెట్టి సిగ్గుపఱచుటయు మానవలెను. వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ మీయవలెనని విద్యాహక్కు చట్టము నాలుగవ విభాగము స్పష్టముగ శాసించుచున్నది. ఈ విభాగమును ప్రతి ప్రధానోపాధ్యాయుని గదిలోను, ఉర్దూలోను తెలుగులోను, గోడమీద వ్రాయించి పెట్టుటకు రాబోవు నవంబరు 11వ తేదీవఱకు ఆగనక్కఱలేదు.