కొలబద్ద ఎవరి చేతిలో ఉంది?

తెల్లవారుజామున అయిదింటికి పాలకుర్తిలో మైదానానికి పోతే పది పన్నెండు మంది ఆడపిల్లలు కనిపిస్తారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. ఎక్కువమంది పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నారు. ఒకరిద్దరికి సైన్యంలో చేరాలని ఉంది. పరుగు అయినాక వాళ్ళు నేలమీద బోర్లా పడుకుని, మోచేతులూ కాలివేళ్ళూ మాత్రం ఆనించి, తల నుంచి మడమ దాకా ఒళ్ళంతా బల్లచెక్కలా బిగించి పైకి లేపి ఉంచుతారు. దీన్ని ప్లాంక్ అంటారు. కడుపు, నడుము కండరాల బలానికి ఇది పరీక్ష. ఒకమ్మాయి సెల్‌ఫోనులో సెకన్లు లెక్కపెడుతుంటుంది.

వాళ్ళలో ఒకమ్మాయి మా సంఘం సభ్యురాలి కూతురు. మొదటిరోజు నలభై సెకన్లకే కూలబడింది. నాలుగు నెలలకు రెండున్నర నిమిషాలు నిలబెట్టింది. ఈ సంగతి చెప్తే వాళ్ళమ్మ నవ్వింది. "పొద్దుమూకులు వంగి నాటేస్తిని గదక్కా, నా నడుముకు ఎవరు గడియారం పెట్టి చూసిన్రు?" అన్నది. ఆ మాట నన్ను వదల్లేదు. తల్లి నడుము ముప్పై ఏళ్ళ చాకిరీతో అరిగిపోయింది. కూతురి నడుము నాలుగు నెలల్లో గట్టిపడింది. రెండూ శ్రమే. విశ్రాంతి లేని శ్రమ ఒంటిని తినేస్తుంది. ఇంత చేసి, ఇంత ఆగి, ఇంత తిని, మళ్ళీ కొంచెం పెంచే శ్రమ ఒంటిని నిలబెడుతుంది. ఆ రెండోదాన్నే శిక్షణ అంటారు. పేదింటి ఆడపిల్లకు అందనిది అదే.

మైదానం గట్టుమీద కూర్చున్న మగపిల్లల వాదన వేరే. "ఆడోళ్ళకు అన్నీ తక్కువేనాయె, ఇంక సమానత్వమెక్కడిది?" అంటారు. 2022 నోటిఫికేషన్‌లో తెలంగాణ పోలీసు నియామకాలకు మగవాళ్ళకు 1600 మీటర్ల పరుగు, ఆడవాళ్ళకు 800 మీటర్లు పెట్టారు. ఆడవాళ్ళు అయిదు నిమిషాల ఇరవై సెకన్లలో ముగించాలి. రెండున్నర మీటర్ల లాంగ్‌జంప్, నాలుగు కిలోల గుండును నాలుగు మీటర్లు విసరడం దీనికి తోడు. అంతకుముందు 2018లో ఆడవాళ్ళకు పరుగు వంద మీటర్లే. వంద ఎందుకు 800 అయింది? స్టేషన్‌లో చేసే ఏ పనికి ఈ పరుగు కొలత? కష్టమైన పరీక్ష పెట్టవద్దని నేను అనడం లేదు. ఎందుకు పెట్టారో చెప్పమంటున్నాను.

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో ప్లాంక్ కథే చెబుతుంది. మన పోలీసు పరీక్షలో ప్లాంక్ లేదు, మన పిల్లలు సాధన కోసం చేస్తున్నారంతే. అమెరికా సైన్యంలో ఉంది. వాళ్ళు 2020లో అమలులోకి తెచ్చిన కొత్త దారుఢ్య పరీక్షలో కడుపు బలం కొలవడానికి మొదట పెట్టింది వేరే పద్ధతి. కమ్మీకి వేలాడుతూ మోకాళ్ళను మోచేతుల దాకా లేపాలి. చాలామంది స్త్రీలు అక్కడే తప్పారు. తీరా చూస్తే చేతుల్లో, భుజాల్లో పట్టు చాలనివాళ్ళు వేలాడటం దగ్గరే ఆగిపోతున్నారు. వాళ్ళ కడుపు బలమెంతో ఆ పరీక్షకు తెలియనే తెలియదు. కొలిచింది చేతుల్ని, రాసుకున్నది కడుపు బలహీనమని! 2022లో దాన్ని తీసేసి ప్లాంక్ ఒక్కటే ఉంచారు. 17 నుంచి 21 ఏళ్ళ వాళ్ళు ఒకటిన్నర నిమిషం నిలిస్తే 60 మార్కులతో గట్టెక్కుతారు, మూడు నిమిషాల నలభై సెకన్లు నిలిస్తే నూటికి నూరు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ అదే లెక్క. అక్కడి మెరైన్ దళం కూడా 2023 నుంచి ప్లాంక్‌ను తప్పనిసరి చేసింది. కనీసం ఒక నిమిషం పది సెకన్లు, పూర్తి మార్కులకు మూడు నిమిషాల నలభై అయిదు సెకన్లు. స్త్రీ పురుష భేదం లేదు, వయసు భేదమూ లేదు.

ఏ సైన్యాన్నీ మెచ్చుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ సైన్యం ఎన్ని దేశాల మీద పడిందో మనకు తెలుసు. నేను చూపించేది ఒక్కటే. నిన్నటిదాకా 'బలహీనులు' అనిపించుకున్న ఆడవాళ్ళే కొలిచే పద్ధతి మారగానే మగవాళ్ళతో ఒకే పట్టికలోకి వచ్చారు. వాళ్ళ ఒళ్ళు మారలేదు, కొలబద్ద మారింది. 'ప్రమాణాలు తగ్గించారు' అని గగ్గోలు పెట్టేవాళ్ళు ఆ ప్రమాణం దేన్ని కొలుస్తున్నదో ముందు చెప్పాలి.

మన దగ్గర ఇంకో రకం కొలత ఉంది. సైన్యంలో మహిళా సైనిక పోలీసుల మొదటి బృందం, 83 మంది, 2021 మేలో బెంగళూరులో శిక్షణ ముగించుకున్నారు. మా మైదానం పిల్లలు ఆ ఫోటోలు చూసే ఆశపడ్డారు. కానీ అగ్నివీర్ పథకం కింద ఆ విభాగానికి అడిగే ఎత్తు మనబోటి ప్రాంతాలవాళ్ళకు 162 సెంటీమీటర్లు. మన దేశపు స్త్రీల సగటు ఎత్తు 152 దరిదాపుల్లో ఉంటుంది. రెండున్నర నిమిషాలు ప్లాంక్ నిలబెట్టిన ఆ అమ్మాయి 158. ఆమె బలం చూసే దాకా ఎవరూ రానక్కర్లేదు, గోడకు గీసిన గీతే ఆమెను వెనక్కి పంపేస్తుంది. ప్లాంక్ సాధనతో పెరుగుతుంది. ఎత్తు పెరగదు. ఎదిగే వయసులో తిండి చాలని పిల్లలు గిడసబారిపోతారు, వాళ్ళ తల్లులూ అర్ధాకలితోనే వాళ్ళను కన్నారు. ఆకలి చేసిన అన్యాయానికి అనర్హత ముద్ర వేయడం ఏం న్యాయం?

కొలత అవమానంగా మారిన సందర్భాలూ ఉన్నాయి. 2023 జూలైలో హర్యానాలో అటవీశాఖ ఉద్యోగాలకు స్త్రీల ఛాతీ కొలతలు అడిగారు. అదే ఏడాది ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు ఇటువంటి కొలత స్త్రీల గౌరవానికి భంగకరమని చెప్పింది. అంతకుముందే, 2021 మార్చి 25న, లెఫ్టినెంట్ కల్నల్ నితిష కేసులో సుప్రీంకోర్టు ఇంకా లోతైన మాట చెప్పింది. సైన్యంలో మగ అధికారులకు శాశ్వత కమిషన్ కోసం వైద్య పరీక్ష సర్వీసు అయిదో ఏటో పదో ఏటో జరిగేది. ఏళ్ళ తరబడి హక్కు నిరాకరించి, చివరకు 2020 తీర్పు తర్వాత, నలభై అయిదు, యాభై ఏళ్ళ స్త్రీలకు అదే పరీక్ష పెట్టారు. పైకి అందరికీ ఒకటే నియమం, ఫలితంలో మాత్రం వివక్ష. దాన్నే కోర్టు పరోక్ష వివక్ష అన్నది. ఈ మాట మనం ప్రతి మైదానానికీ తీసుకుపోవాలి.

మనలోనే కొందరు అడుగుతారు. "లాఠీ పట్టుకోవడానికా మన పోరాటం?" అని. నాకూ ఆ సందేహం ఉంది. స్త్రీ ఖాకీ తొడిగినంత మాత్రాన స్టేషన్ మారిపోదు. అయితే ఇది ఐలమ్మ ఊరు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, పండించిన గింజ మీద హక్కు నిలబెట్టుకున్న మనిషి ఊరు. సాయుధ పోరాటంలో స్త్రీలు ఎంత బరువు మోశారో, పోరాటం ముగియగానే వాళ్ళను మళ్ళీ ఇంటికి ఎట్లా పంపారో 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్ళకు తెలుసు. అవసరమున్నప్పుడు మన ఒంటి బలానికి అడ్డు లేదు, జీతం, పదవి దగ్గరకు రాగానే కొలతలు పుట్టుకొస్తాయి. ఏ ఉద్యోగం మంచిదో తేల్చుకునే హక్కు ఆ పిల్లలది. తలుపు న్యాయంగా తెరిచి ఉందో లేదో చూడటం మన పని.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. ప్రతి శారీరక పరీక్షకూ ఆ ఉద్యోగంలోని ఏ పని ఆధారమో నోటిఫికేషన్‌లోనే రాయాలి. ఎత్తు వంటి కొలతలను అసలు పనికి అవసరమా అని తిరిగి పరిశీలించాలి. మండలానికొక మైదానం, అక్కడ వెలుతురు, మరుగుదొడ్డి, ఆడ శిక్షకురాలు ఉండాలి. ఊపిరి బిగబట్టవద్దు, నడుము జారితే ఆపేయాలి, ఇరవై సెకన్లతో మొదలుపెట్టి వారం వారం పెంచుకోవాలి అని చెప్పే మనిషి లేకనే మా పిల్లలు నడుం నొప్పులు తెచ్చుకున్నారు. అన్నిటికంటే ముందు తిండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. రక్తం లేని ఒంటిని గడియారం ముందు పడుకోబెట్టి మార్కులు వేయడం పరీక్ష కాదు.

ఆ అమ్మాయి ఇప్పుడు కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నది. అక్కడ అడిగే ఎత్తు 152.5, అది దాటుతుంది. తెల్లారి అయిదింటికి వచ్చి, ఇంటికి పోయి వంట చేసి, తల్లితో పాటు కూలికి పోతుంది. మీ ఊళ్ళ మైదానాల్లో ఆడపిల్లలను ఏ కొలతలు వెనక్కి పంపుతున్నాయో, వాళ్ళకు ఏ సౌకర్యాలు లేవో రాసి పంపండి. అన్నీ కలిపి అధికారుల ముందు పెడదాం. ఇన్నాళ్ళూ వాళ్ళు మనల్ని కొలిచారు. ఆ కొలబద్దను మనమూ ఒకసారి కొలిచి చూద్దాం.