క్లిక్‌మనిపించండి... గుట్ట కరిగేలోపే!

కళ్లు చెదిరే ప్రకృతి ఫొటో తీయాలంటే ఎక్కడికెళ్లాలి? చందానగర్‌లో ఏ కెమెరా ప్రియుణ్ని అడిగినా లద్దాఖ్ అంటాడు, స్పితి లోయ అంటాడు. కాస్త ఖర్చు పెట్టగలిగినవాడైతే ఐస్‌లాండ్ అంటాడు. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్నట్టు... తెల్లవారుజామున బండి తీస్తే అరగంటలో చేరుకునే గచ్చిబౌలి, ఖాజాగూడ గుట్టలు మాత్రం ఆ జాబితాలో ఉండవు. నిజానికి వాటి ముందు హిమాలయాలు నిన్నమొన్నటి పిల్లలు. అవి పైకి లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లయితే, హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు!

ఒకదానిమీద ఒకటి ఎవరో తీరిగ్గా పేర్చిపెట్టినట్టు ఉంటాయి ఈ గుండ్లు. పేర్చింది మనుషులూ కాదు, రాక్షసులూ కాదు. భూమి లోతుల్లో కరిగిన రాయి చల్లారి గట్టిపడింది. పైనున్న పొరలు అరిగిపోయి బరువు తగ్గేసరికి నిలువుగా, అడ్డంగా పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లలోకి నీరు దిగి అంచుల్ని తినేసింది. చదరపు దిమ్మెలు గుండ్రంగా మారాయి. చుట్టూ ఉన్న మెత్తటి మట్టి వానలకు కొట్టుకుపోయింది. మిగిలింది... ఇప్పుడు మనం చూస్తున్న రాళ్ల దొంతర.

అంత ఓపిగ్గా తయారైన దాన్ని ఫొటో తీయడానికీ ఓపిక కావాలి మరి!

వెలుగుతో దోబూచులాట

గ్రానైట్‌కు మధ్యాహ్నపు ఎండ పడదు. పన్నెండు గంటలకు తీస్తే రాయి సున్నం కొట్టిన గోడలా పాలిపోతుంది, నీడలన్నీ దాని కిందికే పోతాయి. అదే రాయిని సూర్యోదయమైన మొదటి అరగంటలో చూడండి. వెలుగు పక్కనుంచి పడుతుంది. ప్రతి పగులూ, ప్రతి గరుకూ విడివిడిగా కనిపిస్తుంది. రాతిలోని ఫెల్డ్‌స్పార్ ఖనిజం గులాబీ రంగు తేలుతుంది. మళ్లీ అలాంటి వెలుగు కావాలంటే సాయంత్రం దాకా ఆగాల్సిందే.

అన్నిటికన్నా గొప్ప తమాషా జూన్‌లో. తూర్పున మబ్బు కాటుకలా కమ్మి ఉంటుంది, పడమటి నుంచి సూర్యుడు ఒక్కసారి తొంగిచూస్తాడు. నల్లటి ఆకాశం ముందు గుండ్లు దీపాలు పెట్టినట్టు వెలిగిపోతాయి. ఆ సంబరం రెండుమూడు నిమిషాలే. అప్పుడు బ్యాగు తెరిచి లెన్సు వెతుక్కునేవాళ్లకు దక్కదు. ట్రైపాడ్ బిగించి, ఫ్రేము చూసుకుని, ముందే సిద్ధంగా కూర్చున్నవాళ్లకే దక్కుతుంది. ఒక కిటుకు గుర్తుంచుకోవాలి. మబ్బును చూసి కెమెరా మోసపోయి బొమ్మను ఎక్కువ వెలుగుతో తీసేస్తుంది. అందుకే వెలిగే రాయిని బట్టి కొలత పెట్టుకోవాలి. నీడలో ఉన్న వివరాన్ని తర్వాత కొంత పైకి తేవచ్చుగానీ, తెల్లగా కాలిపోయినదాన్ని ఎవరూ వెనక్కి తేలేరు.

ఐటీ కారిడార్ వాళ్లకే వచ్చే ఇంకో చిక్కుంది. ఏసీ కారులోంచి దిగి, వానాకాలపు తేమలోకి కెమెరా తీయగానే లెన్సు మీద ఆవిరి కమ్మేస్తుంది. తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. విరుగుడు తేలికే. చేరడానికి పావుగంట ముందు ఏసీ కట్టేసి అద్దాలు దించండి. దిగాక కూడా కెమెరాను కాసేపు బ్యాగులోనే ఉంచండి.

చేతిలో ఉన్నది ఫోనేనా? బెంగ వద్దు. 1927 ఏప్రిల్ 10న అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ అనే రాతికొండ ఎదుట నిలబడేసరికి ఆయన దగ్గర మిగిలింది రెండే గాజు పలకలు. ఒకటి పసుపు ఫిల్టర్‌తో తీశాడు. తృప్తి కలగలేదు. కళ్లకు కనిపిస్తున్నది కాదు, మనసుకు తోస్తున్నది రావాలనుకుని చివరి పలకకు ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. నీలాకాశం దాదాపు నల్లగా వచ్చింది, కొండ ఉరిమినట్టు నిలబడింది. ఆయనకు పేరు తెచ్చిన ఫొటోల్లో అదొకటి. వందల ఫొటోలు పట్టే ఫోను మన జేబులో ఉంది. కొదవ ఉన్నది ఆ ఒక్క నిమిషపు ఆలోచనకే.

జాగ్రత్తలూ ముఖ్యమే

గుట్టంటే పార్కు కాదు. వేసవిలో ఉదయం తొమ్మిది దాటితే బండ పెనంలా కాలుతుంది. వానలో నాచు పట్టి జారుతుంది. రాళ్ల సందుల్లో పాములుంటాయి, చేయి పెట్టే ముందు చూసుకోవాలి. బండల అంచులకు కొండతేనెటీగలు పట్టు పెడతాయి. ఫ్లాష్ వెలిగించడం, పొగ, కేకలు పనికిరావు. ఉరుము వినిపిస్తే ఎంత గొప్ప మబ్బయినా సరే, ఇనుప ట్రైపాడ్‌తో గుట్టపైన నిలబడకుండా దిగిపోవాలి. పాత క్వారీ గుంతల్లో నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి, లోతు మాత్రం తెలియదు. పిల్లలతో వెళ్లేవాళ్లు వాటి దరిదాపులకు పోకూడదు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

బొమ్మే సాక్ష్యం

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు కష్టం వేరు... ఈ వారం చూసిన రాయి వచ్చే ఏడాదికి ఉంటుందో లేదో!

సైబర్ టవర్స్ 1998లో మొదలైనప్పటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టూ ఎన్ని గుండ్లు కంకరగా మారి పునాదుల్లోకి పోయాయో! వాటిని కాపాడాలని 1996లోనే సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. దానికి పెద్దదిక్కుగా ఉన్న చరిత్రకారుడు, ఐఏఎస్ అధికారి నరేంద్ర లూథర్ బంజారాహిల్స్‌లో బండను పగలగొట్టకుండా దాన్ని కలుపుకొనే ఇల్లు కట్టుకున్నారు. 2021లో ఆయన కన్నుమూశారు. సొసైటీ కృషితో హుడా వారసత్వ జాబితాలో తొమ్మిది రాతి సముదాయాలకు చోటు దక్కింది. శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కు, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు రాయి వాటిలో కొన్ని.

ఆ పుట్టగొడుగు రాయి పరిసరాల్లోనే ఉన్న కంచ గచ్చిబౌలిలో 2025 మార్చి చివర్లో యంత్రాలు దిగాయి. 400 ఎకరాల వ్యవహారం. విద్యార్థులు తీసిన ఫొటోలు, వీడియోలు దేశమంతా చూసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపమంది. అదే సమయంలో కృత్రిమ మేధతో తయారుచేసిన బొమ్మలూ తిరుగుతున్నాయంటూ పెద్ద వివాదం రేగింది. చూసేవాళ్లకు ఏది నిజమో, ఏది కల్పనో అనుమానమొచ్చాక... అసలైన ఫొటోకు కూడా విలువ తగ్గుతుంది.

ఫొటో ఎంత పని చేయగలదో చెప్పడానికి యోసెమిటీయే ఉదాహరణ. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఫొటోగ్రాఫర్ 18 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవుండే గాజు పలకల్ని కంచరగాడిదల మీద వేసుకుని ఆ లోయకు వెళ్లాడు. పలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడే చీకటి గుడారంలో కడగాలి. ఆ ఫొటోలు న్యూయార్క్‌లో ప్రదర్శించారు. లోయను చూడనివాళ్లు కూడా దాన్ని కాపాడాలనుకోవడానికి అవి తోడ్పడ్డాయి. 1864 జూన్ 30న అధ్యక్షుడు లింకన్ ఆ లోయను ప్రజల కోసం కాపాడే చట్టంపై సంతకం పెట్టాడు. ఆ లోయ గ్రానైట్ వయసు సుమారు 10 కోట్ల ఏళ్లు. మన రాయి దానికన్నా పాతిక రెట్లు పెద్దది!

అందుకే ఇక్కడ ఫొటో తీసేటప్పుడు ఒక అలవాటు మానుకోవాలి. రాయి అందంగా రావాలని వెనకున్న క్రేనునో, గాజు మేడనో ఫ్రేములోంచి తప్పించేస్తుంటారు. తర్వాత కంప్యూటర్‌లో చెరిపేస్తుంటారు. గోడకు వేలాడదీసుకోవడానికైతే అలాగే కానివ్వండి. దాంతోపాటు ఇంకొకటి తీయండి... మేడ, క్రేను, రోడ్డు అన్నీ కనిపించేలా, రాయి ఎంత పెద్దదో తెలిసేలా పక్కన ఒక మనిషి నిలబడేలా. తేదీ, చోటు రాసిపెట్టండి. ఏమీ చెరపకండి. అసలు ఫైలు భద్రంగా దాచండి. మొదటిది మీ ఇంటికి అందం, రెండోది ఊరికి సాక్ష్యం.

ఏటా అదే నెలలో, అదే చోట నిలబడి మళ్లీ తీయండి. ఈ పని పిల్లలకు అప్పగిస్తే ఇంకా మంచిది. పదేళ్ల తర్వాత ఆ ఫొటోలన్నీ వరసగా పెట్టి చూసినప్పుడు పిల్లల ఎత్తు తప్ప ఇంకేమీ మారకపోతే... అంతకన్నా గొప్ప ఫొటో ఐస్‌లాండ్ వెళ్లినా దొరకదు!