కొండ మీద ఎవరింట దిగుదాం?

కోతలు, నూర్పులు అయ్యాక నలుగురు రైతులు కలిసి జీపు మాట్లాడుకుని అరకో, లంబసింగో చూసి రావడం మన ఊళ్లలో ఇప్పుడు మామూలైంది. మంచిదే. ఏడాదంతా మట్టిలో పనిచేసినవాడికి రెండు రోజుల విశ్రాంతి తప్పు కాదు. అయితే రాత్రి ఎక్కడ పడుకుంటామన్నది మాత్రం ముందు ఎవరూ ఆలోచించరు. ‘వెళ్తే దొరక్కపోతుందా’ అంటారు.

దొరకదు. నా అనుభవమే చెబుతాను. కొన్నేళ్ల క్రితం డిసెంబరు ఆఖరి శనివారం ఆరుగురం అరకు చేరేసరికి చీకటి పడింది. ఎక్కడ అడిగినా గదులు ఖాళీ లేవన్నారు. ఒక్క లాడ్జిలో ఉందన్నారు గానీ మామూలు అద్దెకు మూడింతలు చెప్పారు. దుప్పట్లకు వేరే, వేడినీళ్లకు వేరే. అంత పెట్టుకోలేక జీపులోనే వణుకుతూ తెల్లవార్లూ కూర్చున్నాం.

పొద్దున్నే టీ కొట్టు దగ్గర ఒక గిరిజన రైతు మా అవస్థ విని, ‘మా ఇంటికాడ పడుకుందురు గదా బాబూ’ అన్నాడు. ఆ పూట ఆయన ఇంట్లోనే భోంచేశాం. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. ఇంటిల్లిపాదీ పండ్లు కోస్తున్నారు. ఒకే చెక్కలో మూడు రకాల రాబడి ఎలా తీయవచ్చో అక్కడే కళ్లారా చూశాం. మాటల్లో ఇంకో సంగతి బయటపడింది. రాత్రి మూడింతలు అడిగిన ఆ లాడ్జి జాగా ఆయన బంధువు పేరునే ఉందట. నడిపేదీ, సొమ్ము లెక్కపెట్టుకునేదీ కింద నుంచి వచ్చినవాళ్లు. ఆ బంధువు అదే లాడ్జికి కాపలాదారు!

పేరు ఒకరిది, పెత్తనం ఒకరిది

ఏజెన్సీ భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టిపరిచారు. అదే మనమంతా ఒకటి బై డెబ్బై అనే చట్టం. అమ్మకమే కాదు, కౌలుకివ్వడం, తాకట్టు పెట్టడం కూడా దాని కింద చెల్లవు. అందుకే కొందరు గిరిజనుడి పేరు ముందు పెట్టి వెనక నుంచి వ్యాపారం నడుపుతున్నారు. అక్కడ లాడ్జి నడిపే ప్రతివాడూ బినామీ అని నేననను. చట్టానికి ముందు నుంచీ ఉన్నవాళ్లూ ఉన్నారు. సొంతంగా గదులు కట్టుకున్న గిరిజనులూ ఉన్నారు.

పర్యాటకం కోసం ఈ చట్టాన్ని సడలిస్తారన్న భయంతో 2025 ఫిబ్రవరిలో ఏజెన్సీలో బంద్ జరిగింది. మార్చే ఉద్దేశం లేదని ముఖ్యమంత్రి చెప్పారు. అయినా కాగితం మీద చట్టం ఉంటే చాలదు. మనం అద్దె ఎవరి చేతిలో పెడుతున్నామన్నది కూడా ముఖ్యమే. యార్డులో దళారి కమీషన్ తింటున్నాడని రోజూ మొత్తుకునే మనమే, కొండ మీదికెళ్లి దళారి చేతిలో డబ్బు పెట్టి రావడం ఏం న్యాయం?

బయలుదేరే ముందు

మొదట ఊరు తేల్చుకోండి. అరకు వేరు, లంబసింగి వేరు. అరకుకు విశాఖ నుంచి పొద్దున్నే కిరండూల్ రైలుంది. లంబసింగికి నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కాలి. మేఘాలు చూడాలంటే పాడేరు పక్కన వంజంగి. మూడూ ఒక్క రోజులో అవ్వవు.

డిసెంబరు, జనవరి శని, ఆదివారాలు వదిలేయండి. మనమేమన్నా ఆఫీసు ఉద్యోగులమా, ఆదివారమే వెళ్లడానికి? మంగళ, బుధవారాల్లో వెళ్తే రద్దీ తక్కువ, బేరానికీ వీలుంటుంది.

వృద్ధులు, చంటిపిల్లలు ఉంటే పర్యాటక సంస్థ వారి హరిత అతిథి గృహాలు నయం. అరకు, అనంతగిరి, టైడాల్లో ఉన్నాయి. ముందే సొమ్ము కట్టి రసీదు తీసుకోండి. కుర్రాళ్లయితే గిరిజనుల ఇళ్లలోనో, వాళ్లే వేసే గుడారాల్లోనో దిగవచ్చు. మరుగుదొడ్డి ఉందా, దుప్పట్లు ఎన్నిస్తారు, భోజనం అద్దెలో కలిసిందా, జీపు ఇంటి దాకా వస్తుందా అన్నవి ఫోన్లోనే అడగాలి. సౌకర్యాలు లాడ్జిలో ఉన్నట్టు ఉండవు. ఆ సంగతి తెలిసే వెళ్లాలి.

అడ్వాన్సు మొత్తం ఒకేసారి పంపొద్దు. ఫోన్లో డబ్బు వేసేటప్పుడు తెరమీద వచ్చే పేరు, మాట్లాడిన మనిషి పేరు ఒకటేనా చూసుకోండి. పేరున్న హోటళ్ల పేరుతో దొంగ వెబ్‌సైట్లు పెట్టేవాళ్లున్నారు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

చివరగా ఒక మాట. గిరిజన రైతు ఇంట దిగినప్పుడు గీచి గీచి బేరమాడకండి. ధాన్యం బస్తా దగ్గర వ్యాపారి పది రూపాయలు తగ్గిస్తే మన కడుపు ఎలా మండుతుందో మనకు తెలుసు. వచ్చేటప్పుడు ఆయన దగ్గరే కిలో మిరియాలో, కాఫీ గింజలో కొనుక్కోండి. ఈసారి గది మాట్లాడేటప్పుడు అద్దె ఎంతని అడిగే ముందు, ‘ఇల్లు ఎవరిదండీ?’ అని అడగండి.