పడ్డాక లేచే విమానం

రేడియోతో నడిచే బుల్లి కరెంటు విమానం పిల్లవాడికి కొనాలి, ఏది కొనమంటావని ఈమధ్య ఒక మిత్రుడు అడిగాడు. అంగట్లో చూసినవన్నీ ముచ్చటగానే ఉన్నాయట. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా ఇంటి అటక మీద ఒక అట్టపెట్టెలో ముక్కలై పడి ఉన్న స్పిట్‌ఫైర్ గుర్తుకొచ్చింది.

అది నా మొదటి కొనుగోలు. రెండవ ప్రపంచయుద్ధం నాటి పోరాట విమానానికి ఫోమ్‌తో చేసిన నకలు. మా అబ్బాయికి అప్పుడు పదకొండేళ్లు. ఊరవతల బీట్లో నేనే ఎగరేశాను. పట్టుమని పది సెకన్లు కాలేదు. లేచింది, ఎడమకు ఒరిగింది, నేను కంగారుపడి కుడికి మితిమీరి లాగాను, ముక్కు నేలలో దిగబడింది. వాడు ఏడవలేదు. ముక్కలన్నీ ఏరి చొక్కా ఒడిలో పోసుకుని, "ఇంటికి పోదాం నాన్నా" అన్నాడు. ఆపైన ఏడాదిపాటు విమానం ఊసే ఎత్తలేదు. డబ్బు పోయిన బాధ నాకు త్వరగానే తీరింది. ఇది తీరలేదు.

కనుక నా అభిప్రాయం ఇది: మొదటి విమానాన్ని, అది పడిన మర్నాడు మనం ఏం చేయగలమో ఆలోచించి ఎంచుకోవాలి. పడుతుందా లేదా అన్న చర్చ అనవసరం. పడుతుంది.

ఆ స్పిట్‌ఫైర్ రెక్కల పొడవు 80 సెంటీమీటర్లు, సగటు వెడల్పు 13, బరువు 520 గ్రాములు. అంటే జానెడు కూడా లేని చదరానికి, పది సెంటీమీటర్ల పొడవూ అంతే వెడల్పూ గల రెక్క ముక్కకు, 50 గ్రాముల బరువు. తర్వాత మేము కట్టుకున్న కిట్ రెక్కలు 90 సెంటీమీటర్ల పొడవు, 16 వెడల్పు, మొత్తం బరువు 240 గ్రాములు. అదే చదరానికి 17 గ్రాములు కూడా లేదు. ఈ భారం మూడు రెట్లయితే, గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం ఇంచుమించు ఒకటిముప్పావు రెట్లవుతుంది. మన చేతులు మాత్రం అదే వేగంతో కదులుతాయి! కొనేముందు అంగడివాణ్ణి రంగుల గురించి కాక ఈ రెండు కొలతలూ, బరువూ అడగండి.

రెండో సంగతి ఆకారం. రెక్క శరీరానికి పైన ఉండాలి, రెక్కల కొసలు కాస్త పైకి లేచి ఉండాలి. అలాంటి విమానం ఒక పక్కకు ఒరిగితే తనంతట తానే సర్దుకుంటుంది. ఇది కొత్త విద్యేమీ కాదు. 1871లో ఆల్ఫాన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు మెలితిప్పిన రబ్బరు పట్టీతో నడిచే చిన్న నమూనాను పారిస్‌లోని ట్యూలరీ ఉద్యానంలో ఎగరేశాడు. కొసలు ఎత్తిన రెక్కలు, వెనక తోక. రేడియో లేదు, నడిపేవాడు లేడు. 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు పోయింది. నా స్పిట్‌ఫైర్ కన్నా ఎక్కువసేపు ఎగిరిందన్నమాట.

అలాంటి విమానానికి మూడు మీటలు చాలు: మోటారు వేగం, తోకలో చుక్కాని, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్. అయినా ఒక తిరకాసు ఉంది. విమానం మనవైపు తిరిగి వస్తున్నప్పుడు దాని కుడి మనకు ఎడమ. చదివితే తేలికే, ఎదురుగా దూసుకొస్తుంటే బుర్ర పనిచేయదు. ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకే కర్రను నెట్టాలని గుర్తుపెట్టుకుంటే గండం గడుస్తుంది.

తయారుగా దొరికే వాటిలో ఇప్పుడు జైరోలు ఉంటున్నాయి, అవే నిలబెడతాయి కదా అని మిత్రుడు అన్నాడు. నిజమే, బాగానే నిలబెడతాయి. కానీ పడ్డాక? చేత్తో కట్టినవాడికి ఏ ముక్క ఎక్కడ అతికిందో తెలుసు. థర్మాకోల్‌ను క్షణంలో అతికే జిగురు కరిగించేస్తుందనీ, తెల్ల జిగురు రాత్రంతా ఆరాలనీ, విరిగిన చోట వెదురు పుల్ల గుచ్చితే మునుపటికన్నా గట్టిపడుతుందనీ వాడు నేర్చుకుని ఉంటాడు. రెక్క వెడల్పులో ముందంచు నుంచి నాలుగోవంతుకూ మూడోవంతుకూ నడుమ రెండు వేళ్ల మీద నిలిపితే విమానం తూగాలి. గాలిపటానికి సూత్రం కట్టినవాడికి ఈ తూకం కొత్తగా అనిపించదు.

కిట్ పెట్టెలో సాధారణంగా శరీరం, రెక్కలే ఉంటాయి. మోటారు, సర్వోలు, బ్యాటరీ, ఛార్జరు, ట్రాన్స్‌మిటరు వేరే కొనాలి. డబ్బు చేతిలో ఉండే ట్రాన్స్‌మిటరుకు పెట్టండి, అది నాలుగు విమానాలకు వస్తుంది. లిథియం పాలిమర్ బ్యాటరీని దాని ఛార్జరుతోనే, మనిషి దగ్గర ఉండగానే నింపాలి. సెల్ ఒక్కింటికి 4.2 వోల్టులు దాటకూడదు, 3 కన్నా దిగకూడదు. ఉబ్బితే మళ్లీ వాడకండి. తిరిగే ప్రొపెల్లరు దగ్గర పిల్లల వేళ్లు జాగ్రత్త.

ఎక్కడ ఎగరేస్తారో కూడా ముందే చూసుకోవాలి. మన దేశంలో 2021 నాటి డ్రోన్ నియమాలు ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. 250 గ్రాముల వరకు ఉన్నవాటిని నానో తరగతిలో చేర్చాయి.

మా అబ్బాయి కట్టిన విమానం మొదటి వారంలోనే మూడుసార్లు పడింది. మూడుసార్లూ వాడే అతికించాడు, నన్ను చేయి పెట్టనివ్వలేదు. ముక్కు నిండా టేపు పడి తూకం ముందుకు జరిగితే బ్యాటరీని రెండు వేళ్ల మేర వెనక్కి సర్దాడు. నిన్న వంటింటి కాటా మీద పెట్టి చూస్తే 262 గ్రాములు తూగింది. "నాన్నా, నానో దాటిపోయాం" అని, ఇప్పుడు బ్లేడు పుచ్చుకుని అక్కర్లేని టేపు పీకుతూ కూర్చున్నాడు.