ముసలి ఫర్నేసు: మరమ్మతా, మార్పిడా?

అమెరికా ఉత్తర సరిహద్దున ఉన్న మినెసోటా రాష్ట్రంలో జనవరి రాత్రివేళ ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల దిగువకు పడిపోవడం వింత కాదు. అటువంటి రాత్రి ఇంటి ఫర్నేసు ఆగిపోతే కొద్ది గంటలలోనే గదులు చల్లబడతాయి. చలి ఇంకా ముదిరితే గొట్టాలలోని నీరు గడ్డకట్టి, వ్యాకోచించి, ఆ గొట్టాలనే పగులగొడుతుంది. అక్కడి గృహస్థుకు ఫర్నేసు విలాసవస్తువు కాదు, ఇంటికి గుండెకాయ. అందుకే అది పాతబడిన నాడు బాగు చేయించాలా, కొత్తది కొనాలా అన్నది చిన్న ప్రశ్న కాదు.

అక్కడి ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది గ్యాసు ఫర్నేసు. సాధారణంగా అది నేలమాళిగలో ఉంటుంది. మంట ఒక లోహపు అరలో మండుతుంది. ఆ అర వెలుపలి గోడలను ఒరుసుకుంటూ పోయే గాలి వేడెక్కి, పంకా బలంతో గదులకు చేరుతుంది. పొగ వేరొక దారిన ఇంటి వెలుపలికి పోతుంది. ఆ అరనే హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటారు. ఇంటివారు పీల్చే గాలికీ, మంట నుండి వెలువడే వాయువులకూ నడుమ అడ్డు ఆ పలుచని రేకు ఒక్కటే.

ఫర్నేసు ఆగిన ప్రతిసారీ దాని ఆయువు తీరినట్లు భావించనక్కరలేదు. ఫిల్టరుకు దుమ్ము పట్టి గాలి ఆడకపోతే లోపలి వేడి హద్దు మీరుతుంది. అప్పుడు రక్షణ స్విచ్చి మంటను ఆర్పివేస్తుంది. మంటను పసిగట్టే చిన్న కడ్డీకి మురికి పట్టినా, మంటను రగిల్చే భాగం విరిగినా ఫలితం అదే. ఇటువంటి లోపాలకు ఫర్నేసునే మార్చడం గోటితో పోయేదానికి గొడ్డలిని ఎత్తడమే అవుతుంది.

రేకు పగిలితే మాత్రం సంగతి వేరు. ఫర్నేసు వెలిగినప్పుడల్లా ఆ లోహం వ్యాకోచిస్తుంది, ఆరినప్పుడల్లా సంకోచిస్తుంది. ఏళ్ళ తరబడి ఇలా సాగగా ఎక్కడో ఒకచోట బీట వారవచ్చు. గ్యాసు సరిగా మండని పక్షంలో పుట్టే కార్బన్ మోనాక్సైడ్ ఆ బీట గుండా ఇంటి గాలిలో కలిసే ప్రమాదం ఉంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువు కన్న 200 రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకుంటుంది. పగిలిన రేకుకు అతుకులు పనికిరావు. ఆ భాగానికి గ్యారంటీ మిగిలి ఉంటే దానిని మార్పించవచ్చు. లేకపోతే, 15, 20 సంవత్సరాలు పనిచేసిన ఫర్నేసుకు అంత ఖర్చు పెట్టడం కన్న కొత్తది కొనడమే మేలు. అయితే పగులు పేరు చెప్పి భయపెట్టి అమ్మేవారూ లేకపోలేదు. పగులును కళ్ళారా చూపించమని అడగడం, మరొక నిపుణుని పిలిపించడం వివేకం. సంగతి తేలేవరకు ఫర్నేసును ఆర్పి ఉంచడం అంతకన్న వివేకం.

ఇక డబ్బు లెక్క. పాత ఫర్నేసు ఇంధనంలోని వేడిలో నూటికి 65 పాళ్ళే ఇంటికి అందిస్తున్నదనుకుందాం. కొత్తది 95 పాళ్ళు అందిస్తే, ఏటా 1,000 డాలర్ల గ్యాసు కాల్చే ఇంట సుమారు 315 డాలర్లు మిగులుతాయి. పాతది 80 పాళ్ళు ఇచ్చేదైతే మిగిలేది 160 డాలర్ల లోపే. కనుక వయస్సు ఒక్కటే చూసి తొందరపడరాదు.

కొత్తది కొన్నా జాగ్రత్తలు తప్పవు. పాతది ఎంత పెద్దదో అంతే పెద్దది కొనడం పొరపాటు; కిటికీలు, గోడలు బాగుచేసిన ఇంటికి చిన్నదే చాలవచ్చు. ఎక్కువ వేడిని రాబట్టే ఫర్నేసు పొగ బాగా చల్లబడి ప్లాస్టిక్ గొట్టం ద్వారా వెలుపలికి పోతుంది. ఆ గొట్టం మూతిని మంచు కప్పివేయకుండా చూడాలి. అంతవరకు ఫర్నేసుతో పాటు పాత పొగగొట్టాన్ని వాడుకున్న నీళ్ళ హీటరు ఇప్పుడు ఒంటరిదవుతుంది. దాని కొద్దిపాటి వేడికి ఆ పెద్ద గొట్టంలో పొగ పైకి లేవక ఇంట్లోకే తిరిగి రావచ్చు. ఫర్నేసు మార్చిన నాడే దీనినీ పరీక్షించాలి.

ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం కలిగి, బయటికి వెళితే తగ్గినట్లుంటే అది జలుబని సరిపెట్టుకోరాదు. వెంటనే అందరూ బయటపడి సహాయం కోరాలి. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే పరికరం ఉండి తీరాలి. పిల్లల వద్దకు వెళ్ళి అక్కడ శీతాకాలం గడిపే మన తల్లిదండ్రులు ముందుగా అడగవలసిన సంగతి ఇదే.

ఈ హెచ్చరిక అమెరికాకే పరిమితం కాదు. కాశ్మీరులో బుఖారీ ఉన్న గదికీ, ఉత్తరాదిన తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకునే గదికీ ఇదే వర్తిస్తుంది. వెచ్చదనం ఎంత అవసరమో, పొగకు దారి అంతకన్న అవసరం.