సేవ్ అయింది... అంటే?

సొంతంగా సర్వరు నడుపుకునేవాళ్ళ గురించి మన ఐటీ జనంలో రెండు రకాల అభిప్రాయాలున్నాయి. ఒకటి, వీడికి పనీపాటా లేదు అని. రెండోది, అబ్బో, వీడు గూగుల్నే నమ్మని పెద్ద హ్యాకరు అని. నేను మూడేళ్ళుగా ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ మీద డెబియన్ వేసి నా ఫొటోలు, ఫైళ్ళు, కోడు అందులో పెట్టుకుంటున్నాను కాబట్టి రెండు మాటలూ పడ్డాను. నిజానికి రెండూ నాకు నప్పవు. గూగుల్ మీద నాకు కోపమేమీ లేదు, నా మెయిలు ఇప్పటికీ అక్కడే ఉంది. పోనీ డబ్బు మిగులుతుందా అంటే, కరెంటూ డిస్కులూ లెక్కేస్తే అదీ లేదు.

నాకున్న కారణం ఒక్కటే. తెర మీద "సేవ్ అయింది" అని ఒక మాట కనబడుతుంది చూశారూ, ఆ మాట ఎవరు చెప్తున్నారు, ఏ ధైర్యంతో చెప్తున్నారు అని అడిగే అలవాటు నాకు ఉద్యోగం వల్ల పట్టుకుంది. నేను పనిచేసేది స్టోరేజి సాఫ్ట్‌వేరు రాసే టీములో. అక్కడ రోజంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాం.

కొత్తవాళ్ళని ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంటాను. మీ ప్రోగ్రాము ఫైల్లోకి రాసింది, రైట్ అనే సిస్టమ్ కాల్ సక్సెస్ అని చెప్పింది, మరుక్షణం కరెంటు పోయింది. డేటా ఉందా, లేదా? చాలామంది ఉందనే అంటారు. వాళ్ళనీ అనడానికి లేదు, మన ఇంజనీరింగు కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరంటే బ్యాంకర్స్ ఆల్గారిథమ్ బట్టీ పట్టడమే కదా.

అసలు జరిగేదేంటంటే, రైట్ పిలవగానే డేటా కెర్నెల్ దగ్గరున్న మెమరీలోకి వెళ్తుంది. దాన్ని పేజ్ క్యాష్ అంటాం. అక్కణ్ణుంచి డిస్కు మీదకి ఎప్పుడు పోవాలన్నది కెర్నెల్ ఇష్టం. లినక్సులో మామూలు సెట్టింగుల ప్రకారం ఒక పేజీ అలా 30 సెకన్ల దాకా మెమరీలోనే కూర్చోవచ్చు. ఎమ్మార్వో ఆఫీసులో అర్జీ ఇస్తే ఇన్‌వార్డు గుమాస్తా రసీదు మీద ముద్ర కొట్టి ఇస్తాడు చూడండి, అలాంటిదే ఇది కూడా. ముద్ర పడింది కదా అని కాగితం లోపలికి వెళ్ళినట్టు కాదు. లోపలికి వెళ్ళే దాకా కదలను అని అక్కడే భీష్మించుకు కూర్చోవాలంటే ఎఫ్‌సింక్ అని ఇంకో కాల్ ఉంది. అది సక్సెస్ అంటే డేటా డిస్కు మీదకి చేరినట్టు. అలా అనే అందరం అనుకున్నాం.

2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేసు రాసేవాళ్ళకి తెలిసిందేంటంటే, లినక్సులో ఈ ఎఫ్‌సింక్ మాట కూడా పూర్తిగా నమ్మడానికి లేదని! డిస్కు మీద రాసేటప్పుడు ఏదో ఎర్రరొచ్చిందనుకోండి. ఎఫ్‌సింక్ ఎర్రరని చెప్తుంది, బానే ఉంది. పోస్ట్‌గ్రెస్ ఏం చేసేదంటే, సరే ఇంకోసారి ప్రయత్నిద్దాం అని మళ్ళీ ఎఫ్‌సింక్ పిలిచేది. రెండోసారి సక్సెస్ అని వచ్చేది. కానీ ఆ మధ్యలో కెర్నెల్ ఆ పేజీలని 'శుభ్రం' అని గుర్తు వేసేసుకుని ఉండేది, అంటే ఇంక రాయాల్సిందేమీ లేదని. డేటా డిస్కు మీదకి ఎక్కలేదు, ఎర్రరు కూడా లేదు. డేటాబేసేమో పని అయిపోయిందనుకుని తన లాగ్‌ని పారేసుకునేది. సుమారు 20 ఏళ్ళ పాటు, ఎంతో జాగ్రత్తగా రాస్తారని పేరున్న డేటాబేసు ఇదే నమ్మకం మీద నడిచింది.

కెర్నెల్ వాళ్ళ వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ఎవరో పెన్‌డ్రైవ్ మధ్యలో లాగేశారనుకోండి, రాయలేకపోయిన పేజీలన్నీ ఎప్పటికీ దాచిపెట్టుకుంటే మెమరీ నిండిపోయి మొత్తం మెషినే కూర్చుంటుంది కదా అన్నారు. చివరికి ఇరుపక్కలా మార్పులు చేశారు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన వెర్షన్ల నుంచి పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ ఫెయిలైతే మళ్ళీ అడగదు, మొత్తం ఆగిపోయి తన లాగ్ నుంచి తిరిగి కట్టుకుంటుంది. నమ్మకం పోయాక రెండోసారి అడగకూడదన్నమాట :-)

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది, ఇదంతా మనం చదవగలగడం. ఇటు డేటాబేసు కోడు, అటు కెర్నెల్ కోడు, ఇద్దరి వాదనలు, తిట్లతో సహా, అన్నీ బయటే ఉన్నాయి. ఇదే రెండు మూసేసిన ప్రోడక్టుల మధ్య జరిగి ఉంటే ఒక కంపెనీ సపోర్టు ఇంకో కంపెనీ సపోర్టుకి టికెట్ తోస్తుంది, కొన్నాళ్ళకి టికెట్ క్లోజ్ అవుతుంది, అంతే సంగతులు. మనవాళ్ళు ఓపెన్ సోర్సనగానే 'ఫ్రీ కదా' అంటారు. నా మట్టుకు నాకు ఫ్రీ అన్నది చిన్న విషయం. "సేవ్ అయింది" అన్నవాడి వెనక్కెళ్ళి చూడటానికి తలుపు తెరిచి ఉందన్నది అసలు విషయం. రోజూ ఆ తలుపు తీయక్కర్లేదు. తాళం మాత్రం వెయ్యకూడదు.

సరే, ఇది ఒక మెషిను లోపలి కథ. అదే ప్రశ్నని ఇంకొంచెం పైకి తీసుకెళ్ళండి. ఫోనులో ఫొటో తీశారు, క్లౌడులోకి ఎక్కింది, పక్కన టిక్కు పడింది. ఎక్కడ సేవ్ అయింది? ఎన్నాళ్ళకి? మన తరం కాలేజీ కబుర్లన్నీ ఆర్కుట్‌లో రాసుకుంది, 2014 సెప్టెంబరు 30న అది మూతపడింది. గూగుల్ రీడర్ 2013లో పోయింది. గూగుల్ ఫొటోస్‌లో 'హై క్వాలిటీ' ఫొటోలు ఎన్నైనా ఉచితంగా పెట్టుకోమన్నారు, 2021 జూన్ 1 నుంచి అవి కూడా 15 జీబీ లెక్కలోకి వస్తాయన్నారు. ఇందులో మోసమేమీ లేదు, ముందుగానే చెప్పి చేశారు. వాళ్ళ వ్యాపారం వాళ్ళది. కానీ మనం 'సేవ్ అయింది' అని విన్నచోట వాళ్ళు అన్నది 'ప్రస్తుతానికి ఉంది' అని.

వెళ్ళిపోతానంటే దారి లేదా అంటే, ఉంది. టేకౌట్ అని 2011 నుంచి ఇస్తున్నారు, మెచ్చుకోవాలి. కానీ ఒకసారి మీ ఫొటోలన్నీ దింపుకుని చూడండి. మీరు అందులో కూర్చుని మార్చుకున్న తేదీలు, రాసుకున్న వివరాలు ఫొటో లోపల ఉండవు, పక్కన వేరే జేసాన్ ఫైళ్ళలో ఉంటాయి. ఆ రెంటినీ కలపడానికి ఎవరో పుణ్యాత్ములు రాసిన స్క్రిప్టులు వెతుక్కోవాలి. నేను ఇంటి సర్వరు పెట్టుకున్న మొదటి నెలలో చేసింది ఈ పనే. అప్పటిదాకా నా ఫొటోలు ఏ రూపంలో ఉన్నాయో నాకు తెలియనే తెలియదు.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, ఇంట్లో పెడితే మాత్రం భద్రమా అని. అస్సలు కాదు! ఏ లెక్కన చూసినా మా ఇంటి సర్వరు క్లౌడు కన్నా నాసిరకమే. కరెంటు పోతుంది (లాప్‌టాప్ కాబట్టి బ్యాటరీయే యూపీఎస్, కాకపోతే పాత బ్యాటరీ ఉబ్బుతోందేమో కనిపెట్టుకుని ఉండాలి). మన దగ్గర ఇంటి బ్రాడ్‌బ్యాండ్ చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, సీజీనాట్ అని వీధి మొత్తానికి ఒకే అడ్రసు పంచుతారు. అందుకని బయట ఒక చిన్న వీపీఎస్ అద్దెకి తీసుకుని, ఇంటికీ దానికీ మధ్య వైర్‌గార్డ్ సొరంగం వేసుకోవాల్సి వచ్చింది. ఇల్లు కాలినా, దొంగలు పడినా అంతే సంగతులు కాబట్టి రెస్టిక్‌తో ఎన్‌క్రిప్టు చేసిన కాపీ ఒకటి రోజూ రాత్రి వేరే ఊరికి పోతుంది. మెయిల్ సర్వరు జోలికి మాత్రం పోలేదు. ఇంటి ఐపీ నుంచి వచ్చిన మెయిలుని పెద్ద సర్వీసులు ఎక్కువగా స్పాములోకే తోస్తాయి, ఉద్యోగం ఆఫరు లెటర్లతో, బ్యాంకు మెయిళ్ళతో ప్రయోగాలు చేసే ఓపిక నాకు లేదు.

పెద్దవాళ్ళకైనా ఇది తేలికేం కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు అర్ధరాత్రి వేళ రెప్లికా అనుకుని అసలు డేటాబేసు సర్వరు మీద డైరెక్టరీ కొట్టేశాడు. సుమారు 300 జీబీ. పోతే పోయింది, బ్యాకప్ ఉందిగా అని చూస్తే, ఉన్న అయిదు పద్ధతుల్లో ఒక్కటీ సరిగ్గా పనిచెయ్యట్లేదు. పీజీ డంప్ రోజూ నడుస్తున్నట్టే ఉంది గానీ, డేటాబేసు 9.6, డంప్ తీసే ప్రోగ్రామేమో 9.2. అందుకని ప్రతిసారీ ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిలు పంపిస్తోంది కూడా, దానికి డీమార్క్ సంతకం లేదని అవతల సర్వరు తిప్పికొట్టేస్తోంది. చదువుతుంటే నవ్వూ ఏడుపూ కలిపి వచ్చాయి. చివరికి వాళ్ళని కాపాడింది, అదే ఇంజనీరు వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్. ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త అకౌంట్లు పోయాయి. వాళ్ళు దాచుకోకుండా రికవరీ మొత్తం యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, తర్వాత ఏ తప్పు ఎక్కడ జరిగిందో పూర్తిగా రాశారు. మన ఆఫీసుల్లో అయితే రూట్ కాజ్ అనాలిసిస్ అంటే 'హ్యూమన్ ఎర్రర్, సదరు వ్యక్తికి కౌన్సెలింగ్ ఇవ్వబడినది' అని ఒక్క లైను.

కాబట్టి సొంత సర్వరు గొప్పతనం భద్రత కాదు. బాధ్యత పక్కవాడి మీద తోసెయ్యడానికి లేదు కాబట్టి, బ్యాకప్‌ని ఒకసారైనా వెనక్కి తెచ్చి చూస్తాం, అదీ లాభం. నేను మూడు నెలలకోసారి ఒక ఆదివారం రెస్టిక్ కాపీని వేరే ఖాళీ మెషిను మీదకి దించి, అందులోంచి నాలుగు ఫొటోలు, రెండు రిపాజిటరీలు తెరిచి చూస్తాను. తెరుచుకుంటే సేవ్ అయినట్టు. మా ఆవిడ దీన్ని శ్రాద్ధం అంటుంది.

అయితే తెరుచుకోవడం అంటే ఏమిటన్న ప్రశ్న ఇంకోటుంది. అది మా పెదనాన్నగారి సీడీ వల్ల బుర్రకెక్కింది. ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇరవయ్యేళ్ళ క్రితం మా ఊరి చరిత్ర, చెరువులు, గుడి, ఏ ఇంటిపేరువాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు, అన్నీ రాసి పక్క టౌనులో డీటీపీ చేయించి 200 కాపీలు వేశారు. పోయినేడు మళ్ళీ వేద్దామంటే ఆయన దగ్గర ఒక్క కాపీ లేదు. "ఒరేయ్, ఆ డీటీపీ అబ్బాయి సీడీలో సేవ్ చేసిచ్చాడ్రా, అంతా అందులోనే ఉంది" అన్నారు.

నిజంగానే ఉంది. సీడీ పాడవలేదు, ఒక్క బైటు పోలేదు. ఎఫ్‌సింక్ లెక్కన నూటికి నూరు. కాకపోతే అది పేజ్‌మేకర్ ఫైలు. అడోబీ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షను 2001లో వచ్చింది. అందులోని అక్షరాలు అను ఫాంట్లు. పేజ్‌మేకర్ గడి లిబ్రెఆఫీసుతో దాటాను, ఎవరో ఓపికగా ఆ మూసేసిన ఫార్మాటుని విప్పి ఓపెన్ సోర్సులో పెట్టారు. పేజీల అందం పోయింది గానీ పాఠం బయటపడింది. పడితే ఏముంది, అంతా పిచ్చి గుర్తులు! ఆ ఫాంట్లలో ఉండేది తెలుగు కాదు మరి, ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో అతికించిన తెలుగు ముక్కల బొమ్మలు.

మార్చడం కూడా ఒకటి తీసి ఒకటి పెట్టడం కాదు. 'స్త్రీ' అన్న మాటే తీసుకోండి. యూనికోడులో ముందు స, తర్వాత త, ర, అన్నిటికన్నా చివర గుడిదీర్ఘం వస్తాయి. ఫాంటు ఫైల్లోనేమో గుడిదీర్ఘంతో కలిపి 'సీ' బొమ్మ ముందు ఉంటుంది, ఒత్తులు తర్వాత వస్తాయి. అంటే దీర్ఘాన్ని ఊడబీకి ఒత్తులు దాటించి చివర పెట్టాలి. పాత పేపర్ల సైట్లకోసం ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అని ఒక పొడిగింపు ఉండేది, ఇలాంటి పనే చేసేది. నేను నాకు కావాల్సినంత వరకు పైథాన్‌లో 300 లైన్లు రాసుకున్నాను. నాలుగు వారాంతాలు పట్టింది. కొన్ని చోట్ల ఏ మాటో పెదనాన్నగారినే ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది. ఆయన లేకపోతే ఆ ఇంటిపేర్లు ఎవర్ని అడగను? ఇంకా మన జిల్లాల్లో డీటీపీ సెంటర్లలో, రచయితల బీరువాల్లో ఇలాంటి సీడీలు ఎన్నున్నాయో. వాళ్ళందరికీ ఎవరో ఒకరు "సేవ్ చేశాను మాస్టారూ" అని చెప్పే ఉంటారు.

ఇప్పుడా పుస్తకం మామూలు యూనికోడు పాఠం, ఒక మెగాబైటు కూడా లేదు. గిట్‌లో ఉంది, ఇంటి సర్వరులో ఉంది, రాత్రిపూట వేరే ఊరు పోయే కాపీలో ఉంది. ఈ ఏర్పాటంతా ఎంతో ఉత్సాహంగా పెదనాన్నగారికి వివరించాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "అదంతా సరే గానీ, నాకో ప్రింటు తీసివ్వరా" అన్నారు. రెండు తీసిచ్చాను.